చక్రవర్తి లేని దురాయి

దూరవిద్య ఎం.ఏ. పుస్తకానికి పాఠాలు పంచుకునే రోజున నాకు బస్సు తప్పింది. నేను నెల్లూరు చేరేసరికి తోటి లెక్చరర్లు మధ్యయుగ యూరప్ మొత్తాన్ని పంచేసుకున్నారు. శిలువ యుద్ధాలు ఒకరికి, ప్లేగు ఒకరికి, కోటలూ గుర్రాలూ ఇంకొకరికి. ప్లేగు కోసం ఇద్దరు పోట్లాడుకున్నారు కూడానట. "మేడమ్, మీకు సార్డీనియా మిగిలింది" అన్నారు సంపాదకులు, ఆఖరి బంతిలో కూర్చున్నవాళ్ళకి కూరలైపోయాయని చెప్పే వంటాయన ముఖం పెట్టి. సార్డీనియా ద్వీపంలో బైజాంటైన్ పాలన. ఇన్నేళ్ళుగా చరిత్ర చెబుతున్నాను గానీ ఆ ద్వీపాన్ని పటంలో వేలు పెట్టి చూపమంటే నా వేలు ఇటలీ చుట్టూ కాసేపు తచ్చాడి ఉండేది. సరేనని తలూపి వచ్చేశాను.

మాది జువ్వలదిన్నె. మా వీధి సముద్రానికి కాస్త ఎడంగా ఉంటుంది. మా తాత బడి పంతులుగా వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. ఇప్పుడు ఇంట్లో అమ్మా, నేనూ. పెళ్ళెప్పుడని అడిగేవాళ్ళు ఒక్కొక్కరే అలిసిపోయి మానుకున్నారు కాబట్టి ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. సాయంత్రం కావలి కాలేజీ నుంచి రాగానే అరుగు మీద కూర్చుని పాఠం రాసుకునేదాన్ని. అమ్మ పక్కనే బండ మీద నూనె కవళ్ళ చేపలు రుద్ది తోముతూ, నోరు మాత్రం నా పనిలో పెట్టేది.

"ఏంది మే రాస్తుండావు, మొహం అట్టా పెట్టుకోని?"

"సార్డీనియా అని ఒక దీవి అమ్మా. ఇదిగో, నువ్వు తోముతుండావే, ఆ చేపని ఇంగ్లీషులో సార్డీన్ అంటారు. ఆ పేరు ఆ దీవి వల్లే వచ్చిందంట."

అమ్మ చేతిలోని చేపను తిప్పి చూసింది. "మన బోటోళ్ళు పట్టిన కవళ్ళకి వాళ్ళూరి పేరా? బాగుంది సంబడం!"

ఎదురింటి అరుగు మీది నుంచి ఇంకో గొంతు లేచింది. "ఆ దీవిలో టైలర్లు ఉండారేమో కనుక్కో పాపా. లేకుంటే మిషన్ తీసుకోని నేను పోతా!"

ఆ గొంతు అత్తది. అత్త అంటే చుట్టరికం కాదు. ఎదురింటి ముస్లిం కుటుంబం మూడు తరాలుగా బట్టలు కుట్టేవాళ్ళు. అమ్మ కాపురానికి వచ్చిన ఏడే ఆమె కూడా కోడలిగా దిగింది. అప్పటి నుంచీ ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా వీధికి రెండే శబ్దాలు, దూరంగా సముద్రం, దగ్గరగా అత్త కుట్టు మిషన్.

ఇంత దగ్గరివాళ్ళు ఒకే అరుగు మీద కూర్చోవచ్చుగా, వీధికి అటొకరు ఇటొకరు కూర్చుని కేకలేసుకోవడమెందుకు అని కొత్తవాళ్ళు అడుగుతారు. అక్కడ అడ్డంగా మా అవ్వ వేసిన దురాయి ఉంది.

దురాయి అంటే మా తీరంలో తెలియనివాళ్ళు లేరు. మత్స్యకారుల పెద్దలు దురాయి వేశారంటే ఆ రోజు ఒక్క బోటు నీళ్ళలో దిగదు. ఎవరినైనా పిలవొద్దని దురాయి పడిందంటే ఆ మనిషి గుమ్మం ఎవరూ తొక్కరు. పూర్వం రాజు పేర పెట్టే ఆనను దురాయి అనేవారట. ఏ రాజో ఇప్పుడెవరికీ తెలియదు. రాజు పేరు ఊడిపోయింది గానీ దురాయి చెక్కుచెదరలేదు. వేసినవాళ్ళే ఎత్తాలి, అదొక్కటే నియమం.

మా అవ్వ, అంటే నాన్న తల్లి, మత్స్యకారుల మనిషి కాదు. పెద్దల్లో మనిషి అసలే కాదు. పంతులుగారి భార్య, చర్చిలో ఆడవాళ్ళ వరసకు ముందు కూర్చునే మనిషి. ఒక ఈస్టరుకి తెల్లచీర మీదికి జాకెట్టు కుట్టమని అత్తకు గుడ్డ ఇచ్చింది. కొలతకు పాత జాకెట్టొకటి ఇచ్చింది. ఆది జాకెట్టు అంటాం దాన్ని. కొత్త జాకెట్టు వచ్చింది. పండగ పొద్దున అది అవ్వ మోచేతుల దాకా వచ్చి, ఇక ఎక్కనని మొరాయించింది. చర్చిలో గంట కొడుతున్నారు. అవ్వ సగం జాకెట్టుతోనే కొంగు కప్పుకుని వీధిలోకొచ్చి "కొలత తప్పినావు!" అని అరిచింది.

అత్తకు నోరు ఆగదు, అప్పుడూ ఆగలేదు. అరుగు మీది నుంచే నవ్వుతూ అనేసింది. "కొలత తప్పలేదు పెద్దమ్మా, మనిషి పెరిగింది."

వీధి అంతా నవ్వింది. పాలు పోసుకునేవాళ్ళు నవ్వారు, చర్చికి పోతున్నవాళ్ళు నవ్వారు. అమ్మ కూడా నవ్విందని అవ్వ ఆఖరి దాకా నమ్మింది. అవ్వ వీధి మధ్యలో ఉన్న బోరింగు దగ్గర నిలబడి, ఒక చెయ్యి నడుం మీద పెట్టి, రెండో చెయ్యి ఎత్తి, బీచి దాకా వినబడేట్టు కేకేసింది. "దురాయి! నా ఇంటోళ్ళు ఆ గడప తొక్కకూడదు! ఆ ఇంటోళ్ళు నా గడప తొక్కకూడదు! దురాయి!"

ఆ అధికారం ఆమెకు ఎవరిచ్చారని అడిగినవాళ్ళు లేరు. అంత గొంతుతో అన్నాక ఇంక అడిగేదేముంది?

ఆ ఏడు వానాకాలంలోనే అవ్వకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. నాన్న అంతకు ముందే పోయాడు కాబట్టి నోట్లో గంజి పోసింది, ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది అంతా అమ్మే. ఒక రోజు అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని అడిగింది. "అత్తా, ఆ దురాయి ఎత్తెయ్యి. మాట రాకపోతే చెయ్యి ఊపు, చాలు." అవ్వ మొహం గోడ వైపు తిప్పుకుంది. దాన్ని నేను కళ్ళారా చూశాను. వారం తిరక్కుండా అవ్వ పోయింది. దురాయి మాత్రం ఉండిపోయింది.

నేనైతే మర్నాడే తొక్కేసి ఉండేదాన్ని. అమ్మ మెత్తటి మనిషి. మెత్తటివాళ్ళ మొండితనం ముందు మాబోటి గట్టివాళ్ళు ఎందుకూ పనికిరారు. అయితే అమ్మా అత్తా కలిసి ఆ దురాయిని కోర్టు ప్లీడర్ల కంటే బాగా చదివారు. అవ్వ అన్నది గడప గురించే. మాట్లాడొద్దనలేదు. తినొద్దనలేదు. వీధి సంగతి ఎత్తలేదు. కాబట్టి కబుర్లన్నీ అరుగు నుంచి అరుగుకి. రంజాన్‌కి షీర్ ఖుర్మా గిన్నె బోరింగు గట్టు మీదికి వచ్చేది, అమ్మ వెళ్ళి తెచ్చుకునేది. క్రిస్మస్‌కి మా కజ్జికాయల డబ్బా అదే గట్టెక్కేది. అత్త కొడుకు పెళ్ళికి షామియానా వీధిలోకి లాగి వేశారు, అమ్మ అందులో కూర్చుని బిర్యానీ తింది, లోపల నిఖా మాత్రం చూడలేదు. ఆ పెళ్ళిలో వచ్చిన కోడలి మీద కొన్నాళ్ళు చర్చ నడిచింది. దురాయి పడ్డాక వచ్చిన మనిషి కదా, ఆమెకు వర్తిస్తుందా? వర్తించదని ఇద్దరూ తేల్చారు. అప్పటి నుంచి ఆ పిల్ల రెండిళ్ళ మధ్యా రాయబారి.

అమ్మ జాకెట్లన్నీ అత్తే కుట్టేది. కొలతలు తీసుకోవాలంటే అమ్మో అత్తో గడప దాటాలి, టేపు కోడలి చేతికిచ్చే రకం కాదు అత్త, నడివీధిలో టేపు పెట్టించుకోవడానికి అమ్మకు సిగ్గు. అందుకని ఎప్పటిదో ఒక ఆది జాకెట్టుతోనే పని నడిచింది. పైగా అత్త అరుగు మీది నుంచి అమ్మను ఓ చూపు చూసేది. "నిన్ను చూసి కుట్టేస్తా వదినా, టేపెందుకు?"

ఇంతలో సార్డీనియా నాకు నచ్చడం మొదలైంది. కాన్‌స్టాంటినోపుల్‌లో కూర్చున్న చక్రవర్తి ఆరో శతాబ్దంలో ఆ దీవిని వాండల్స్ అనేవాళ్ళ దగ్గర్నుంచి గుంజుకున్నాడు. సముద్రానికి అటు ఆఫ్రికా ఒడ్డున కార్తేజ్ అనే పట్నం నుంచి దాని మీద పెత్తనం. తర్వాత కార్తేజ్ అరబ్బుల పాలైంది. ఆ తర్వాత పక్కనున్న సిసిలీ కూడా పోతూ వచ్చింది. ఇక రాజధాని నుంచి పడవలు రావడం తగ్గింది, తగ్గి తగ్గి ఆగిపోయింది. దీవిలో చక్రవర్తి తరఫున కూర్చున్న అధికారిని జడ్జి అనేవారు. అతన్ని ఎవరూ తీసెయ్యలేదు, ఎవరూ మార్చలేదు. అతని తర్వాత ఇంకొక జడ్జి. పైనుంచి ఒక్క మాట రాకపోయినా వాళ్ళు బైజాంటైన్ బిరుదులు పెట్టుకుని, గ్రీకులో సీసపు ముద్రలు వేసుకుంటూ, చక్రవర్తి గుమ్మం బయటే ఉన్నట్టు బతికారు. ఇది చదివి నేను ఎదురింటి వైపు చూసి నవ్వుకున్నాను. మా వీధి పాఠంలోకి ఎక్కినందుకు సంతోషమేసింది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. అత్త బాత్‌రూములో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. నెల్లూరులో ఆపరేషన్ చేయించి తీసుకొచ్చారు. నడిగదిలో మంచం వేశారు. ఇక అరుగు మీదికి రావడం ఎప్పటికో చెప్పలేమన్నారట డాక్టర్లు. మిషన్ ఆగిపోయింది. రోజూ సాయంత్రం అమ్మ అరుగు మీద కూర్చుని ఖాళీ అరుగును చూసేది. కోడలు పిల్ల వచ్చి చెప్పేది. "వదినని అడిగినానని చెప్పమనింది. రోజూ అదే మాట."

"నేను పొయ్యి చూసొస్తా" అన్నాను.

"నువ్వు పొయ్యి చూస్తే నేను చూసినట్టా?" అంది అమ్మ. నాకు కోపమొచ్చింది. పోయినావిడ మాట కోసం బతికున్నావిడను వదిలేస్తావా అని అనేశాను. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నా నోరు నేను మూసుకున్నాను.

తర్వాత అమ్మ తన పద్ధతిలో బయల్దేరింది. ముందు పాస్టరు గారి దగ్గరికి. ఆయన జాలిపడి "ప్రభువు పేర పొమ్మా, ఏం కాదు" అన్నారు. "ప్రభువు పేర వేసింది కాదయ్యగారూ, మా అత్త పేర వేసింది" అంది అమ్మ. తర్వాత మత్స్యకారుల పెద్ద దగ్గరికి. హార్బరు దగ్గర వలలు బాగుచేయిస్తున్నాడు. విని చాలాసేపు నవ్వి, అమ్మ మొహం చూసి నవ్వాపుకున్నాడు.

"అక్కా, మేం వేసిన దురాయైతే ఈ నిమిషం ఎత్తేస్తా. మేం వెయ్యనిది మేమెట్టా ఎత్తేది? నేనెత్తితే రేపు మా దురాయి పంతుళ్ళు ఎత్తుతారు. అది కుదరదు."

ఆయన చెప్పింది న్యాయమేనని అమ్మ దారి పొడుగునా అంటూనే ఉంది. స్కూటీ వెనక కూర్చుని నా భుజం మాత్రం వదల్లేదు.

ఆ సాయంత్రం పాఠం ఆఖరి పేజీలు రాస్తున్నాను. అమ్మ కవళ్ళు ముందు పెట్టుకుని కూర్చుంది గానీ తోమడం లేదు.

"ఆ జడ్జీలు ఏమైనారు మే?" అంది ఉన్నట్టుండి.

"కావలి కోర్టు జడ్జి అనుకుంటుండావా?"

"కాదులే. ఆ దీవోళ్ళు. పడవ కోసం చూసినోళ్ళు."

నేను పైకి చదువుకుంటూ రాస్తుంటే ఆమె వింటోందని నాకు తెలియదు. చెప్పాను. "చూసినారు చూసినారు, పడవ రాలా. తరాలు గడిచిపొయినాయి. చూసేవాళ్ళు పొయినారు. పడవంటే ఏందో ఎరగనోళ్ళు పుట్టినారు. తర్వాత తర్వాత జడ్జీలే రాజులైపొయినారు."

"ఎవరు చేసినారు వాళ్ళని రాజులు?"

"ఎవరూ చెయ్యలా. ఊరికే అయిపొయినారు. వాళ్ళ భాషలోనే, వాళ్ళ పేర్లతోనే పత్రాలు రాయించుకున్నారు."

"చక్రవర్తి ఒప్పుకున్నాడా?"

"ఆయనకి తెలిస్తే గదా."

అమ్మ ఒక చేపను తీసుకుని మళ్ళీ బండ మీద పెట్టేసింది. "పాతదంతా పారేసినారా అయితే? ఆయనదంటూ ఒక్కటీ మిగల్లేదా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబుంది, అదే రోజు చదివాను. "మిగిలిందమ్మా. ఒక జడ్జి రాయించిన పత్రం ఉండాది. మాటలన్నీ దీవోళ్ళవే. అక్షరాలు మాత్రం గ్రీకు. చక్రవర్తి అక్షరాలు."

అమ్మ బండ దగ్గరికి జరిగింది. "అట్టయితే మర్యాద తప్పినట్టు కాదులే" అంది. కవళ్ళు తోమడం మొదలుపెట్టింది. ఆ రోజు పులుసు బాగా కుదిరింది.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి తెల్లచీర కూడా మార్చకుండా అమ్మ వీధిలోకి నడిచింది. బోరింగు దగ్గర ఆగింది. నేను అరుగు మీద చెప్పులు విప్పుతున్నదాన్ని అలాగే ఉండిపోయాను. అమ్మ ఒక చెయ్యి నడుం మీద పెట్టింది. రెండో చెయ్యి ఎత్తింది. అచ్చం అవ్వ నిలబడ్డట్టే నిలబడింది. జీవితంలో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. మొదటి కేక సగంలో బొంగురుపోయింది. దగ్గి, మళ్ళీ మొదలుపెట్టింది.

"దురాయి! మా అత్త వేసిన దురాయి నేను ఎత్తినా! ఆమె కోడల్ని, ఆ ఇంటి ఆడమనిషిని, నేనే ఎత్తినా! ఇంక ఎవురైనా తొక్కొచ్చు! దురాయి ఎత్తినా!"

నీళ్ళు కొట్టుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని చూస్తున్నారు. చర్చి నుంచి వస్తున్నవాళ్ళు ఆగిపోయారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అమ్మ చెయ్యి దించి చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎదురింటి మెట్లెక్కింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. "క్షమించత్తా" అని పోయిన అవ్వను తలుచుకుని గొణిగింది, కుడికాలు లోపల పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకు దాచుకోవాలి, ఏడ్చాను. ఏడుస్తూనే ఆమె వెనకే పరిగెత్తాను.

నడిగది మసకగా ఉంది. మూలన మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. అత్త మంచం మీద దిండుకు ఆనుకుని తలుపు వైపే చూస్తోంది. కేక ఆమెకు వినబడిందని ఆమె కళ్ళే చెబుతున్నాయి. అమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. ఇన్నేళ్ళూ వీధి దద్దరిల్లేట్టు మాట్లాడుకున్నవాళ్ళు, మూరెడు దూరంలో కూర్చునేసరికి మాట మర్చిపోయారు.

తర్వాత అత్త అమ్మ చెయ్యి పట్టుకుంది. మణికట్టు చుట్టూ వేళ్ళు వేసి చూసింది. పైకి జరిపి మోచెయ్యి పట్టుకుంది, భుజం పట్టుకుంది. ఆమె మొహం మారింది. దిండు కింద చెయ్యి పెట్టి టేపు తీసింది. మంచాన పడ్డా టేపు దగ్గరే పెట్టుకుంది మహాతల్లి. "ఇటు వంగు వదినా" అని, తాను దిండుకు ఆనుకునే, అమ్మ చేతి చుట్టూ టేపు తిప్పింది. ఛాతీ చుట్టూ తిప్పమని నాకు రెండో కొస ఇచ్చింది. నేను పట్టుకున్నాను. అమ్మ వేసుకున్న జాకెట్టు భుజం దగ్గర వదులుగా జారి, పిన్నీసుతో ఆగి ఉంది. వీధికి అవతల నుంచి చూస్తే ఆ పిన్నీసు కనబడదు. రోజూ పక్కనే ఉండే నేనూ ఎప్పుడూ చూడలేదు.

అత్త టేపు మీది అంకె చూసింది. మళ్ళీ చూసింది.

"నేను కొలత తప్పలేదు వదినా" అంది. "మనిషి తగ్గింది."

అమ్మ టేపును ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"ఇట్టాంటి మాటకే గదా వదినా ఆ పొద్దు దురాయి పడింది" అంది.